ఎర్ర డబ్బా టెకాటే: తక్కువ రేటు మెక్సికన్ లాగర్ మన కోడివేపుడు పక్కన నిలబడుతుందా?

అందరికీ నమస్కారం. డాలస్‌లో ఎండలు ముదిరిపోయాయి. మధ్యాహ్నం పార్కింగ్‌లో కారు డోర్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. ఇలాంటి రోజుల్లో చిక్కటి నల్ల బీర్లు, ఒక గ్లాసుకే కడుపు నిండిపోయే బీర్లు నాకు సయించవు. అందుకే ఈరోజు టేబుల్ మీదకి టెకాటే అనే మెక్సికన్ లాగర్ తెచ్చాను. లాగర్ అంటే చల్లటి చోట నెమ్మదిగా పులియబెట్టి చేసే బీరు. ఇదిగో, ఎర్ర డబ్బా, ముందు గద్ద బొమ్మ. టెక్సస్‌లో ఏ గ్రోసరీ షాపుకి వెళ్ళినా పెద్ద పెట్టెల్లో నేల మీదే పేర్చి ఉంటుంది. పన్నెండు డబ్బాల పెట్టె కొంటే డబ్బా ఒక్కింటికి డాలరు మీద కొంచెం పడింది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక మాట: ఇక్కడ ఆదివారం పొద్దున పదింటి దాకా గ్రోసరీ షాపుల్లో బీరు బిల్లు చెయ్యరు. 2021 సెప్టెంబర్‌కి ముందైతే మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగాల్సి వచ్చేది. కాబట్టి శనివారమే తెచ్చి పెట్టుకోండి.

టెకాటే అనేది ఊరి పేరు. మెక్సికోలో బాహా కాలిఫోర్నియా రాష్ట్రంలో, సరిగ్గా అమెరికా సరిహద్దుని ఆనుకుని ఉంటుంది. ఈ బీరు 1944లో అక్కడే పుట్టింది. పదేళ్ళకి, 1954లో, మెక్సికోలోనే మోంతెర్రే నగరంలో ఉన్న క్వౌతెమోక్ అనే బీరు కంపెనీ దాన్ని కొనేసింది. ఆ కంపెనీ 1890 నాటిది, మెక్సికో బీరు వ్యాపారంలో పెద్ద తలకాయల్లో ఒకటి. 2010లో మొత్తం హైనెకెన్ చేతికి వెళ్ళింది. అంటే ఇప్పుడు యజమాని డచ్ కంపెనీ. రుచి మాత్రం ఎండలో పని చేసి వచ్చినవాడి దాహం తీర్చడానికి చేసిన రుచే.

డబ్బా చాలా చల్లగా ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టే టైమ్ లేకపోతే గిన్నెలో ఐసు, నీళ్ళు, గుప్పెడు ఉప్పు వేసి డబ్బాని ముంచండి. ఉత్త ఐసులో పెట్టినదానికన్నా చాలా త్వరగా చల్లబడుతుంది. సరే, గ్లాసులో పోస్తున్నాను, దగ్గర నుంచి చూడండి. లేత గడ్డి రంగు, అవతల ఉన్న నా వేళ్ళు కనిపించేంత తేట. తెల్లటి నురుగు గబగబా పైకి లేచింది, అంతే తొందరగా దిగిపోయి అంచు చుట్టూ సన్నటి గీత మిగిలింది. వాసన చూస్తే కొంచెం ధాన్యం వాసన, వెనకాల ఉడకబెట్టిన మొక్కజొన్న తీపి. మెక్సికన్ లాగర్లలో బార్లీతో పాటు మొక్కజొన్న కలపడం మామూలే, బీరు నోట్లో పల్చగా, తేలికగా ఉండేది దానివల్లే. మొదటి గుటక నాలుక మీద చురచురలాడింది, మధ్యలో కాస్త తీపి తగిలింది, చివర్లో కొద్దిగా చేదు వచ్చి వెంటనే వెళ్ళిపోయింది. నోరు శుభ్రంగా ఉంది, జిగట లేదు. నాకు దీంట్లో బాగా నచ్చింది ఆ చివరే. రుచి తక్కువైనా తప్పుడు రుచి ఒక్కటీ లేదు. ఇలాంటి లేత బీర్లో చిన్న లోపం ఉన్నా దాచే చోటు ఉండదు, కాబట్టి దాన్ని శుభ్రంగా చెయ్యడం చిన్న విషయం కాదు.

మా బావమరిది హైదరాబాద్ నుంచి వచ్చి ఉన్నాడు. ఒక గుటక తాగి, "ఏంటి బావా, నీళ్ళు కలిపినట్టుంది!" అన్నాడు. వాడి మాట అర్థం చేసుకోదగ్గదే. మన దగ్గర జనం ఎక్కువగా కొనేది స్ట్రాంగ్ బీరు, ఆల్కహాల్ ఏడెనిమిది శాతం దాకా ఉంటుంది. టెకాటేలో 4.5 శాతమే. కిక్కు కొలతతో చూస్తే ఇది ఓడిపోతుంది. కానీ ఆ కొలతే దీనికి సరిపోదని నా అభిప్రాయం. "ఆగరా, తిండి రానీ" అన్నాను.

మా ఆవిడ కోడివేపుడు చేసింది, గుంటూరు కారం, కరివేపాకు, చివర్లో మిరియాలు. కారం తిని బాగా చేదుండే ఐపీఏ అనే రకం బీరు తాగి చూడండి, మంట ఇంకా పెరుగుతుంది. ఆల్కహాల్ ఎక్కువైనా అంతే. చేదు తక్కువ, ఆల్కహాల్ తక్కువ, గ్యాసు ఎక్కువ ఉన్న బీరైతే నోట్లో నూనెని కడిగేసి పక్కకి తప్పుకుంటుంది, తర్వాతి ముక్క మళ్ళీ మొదటి ముక్కలాగే ఉంటుంది. వేపుడు ప్లేటు సగం అయ్యేసరికి మా వాడు ఏమీ అనకుండా రెండో డబ్బా తీశాడు. మెక్సికో వంటలో కూడా మిరపకాయే కదా రాజు, ఆ తిండి పక్కన తాగుతూ వస్తున్న బీరు మన తిండికి కుదరడంలో వింత లేదు.

పక్కింటి మెక్సికన్ పెద్దాయన చూపించిన పద్ధతి ఇది. డబ్బా మూత అంచు మీద నిమ్మచెక్క రుద్ది, ఉప్పు చల్లి, నిమ్మరసం ఆ సందులోకి పిండి నేరుగా డబ్బాతోనే తాగుతారు. ఉప్పు తగలగానే ఆ మొక్కజొన్న తీపి వెనక్కి తగ్గింది, బీరు లేచి నిలబడింది. మేము ఉప్పులో చిటికెడు కారం కూడా కలిపి చూశాం, అద్భుతంగా కుదిరింది. నిమ్మకాయ అంటే చెడ్డ బీరుని కప్పిపుచ్చడానికే అనేవాళ్ళు ఉన్నారు, నేను ఒప్పుకోను. ముందు ఉత్తదే తాగి చూశాం, బాగానే ఉంది. నిమ్మకాయతో ఇంకా బాగుంది.

ఇక సీసాల సంగతి, ఇది కాస్త వివరంగా చెప్పాలి. రంగు లేని గాజు సీసాలో వచ్చే మెక్సికన్ లాగర్లు చూడటానికి అందంగా ఉంటాయి, కానీ ఆ గాజు వెలుతురుని ఆపదు. బీరుకి చేదు ఇచ్చేది హాప్స్ అనే పువ్వు. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థాలు విరిగి గంధకం ఉన్న ఒక పదార్థం తయారవుతుంది. రాత్రి హైవే మీద స్కంక్ అనే కంపు చిమ్మే చిన్న జంతువు చచ్చిపడి ఉంటే అద్దాలు ఎత్తినా కారులోకి వచ్చే ఆ ఘాటు వాసన ఇక్కడుండే మనందరికీ తెలుసు. అచ్చం అదే జాతి వాసన. షాపు ట్యూబ్‌లైట్ల కింద రోజుల తరబడి నిలబడ్డ సీసాకి అది పట్టొచ్చు. గోధుమరంగు గాజు చాలావరకు కాపాడుతుంది, డబ్బా అయితే పూర్తిగా కాపాడుతుంది. తక్కువ రేటు బీరు డబ్బాలో ఉంటే తక్కువరకం అనుకునేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే, ఈ రకం బీరుకి డబ్బానే మంచి ఇల్లు.

దీనికీ బలహీనత ఉంది. చల్లదనం పోయిందంటే పని అయిపోయినట్టే. పెరట్లో ఒక డబ్బా మాటల్లో పడి వదిలేస్తే, అడుగున మిగిలింది పలచటి తీపినీళ్ళలా తయారైంది, పారబోశాం. నెమ్మదిగా ఒక్కటే తాగేవాళ్ళకి, తిండి లేకుండా ఉత్త బీరు రుచిని ఆస్వాదించేవాళ్ళకి ఇది వద్దు. వాళ్ళు మెక్సికోదే కావాలంటే దోస్ ఎక్కిస్ అంబర్ చూడండి. 1897లో విల్‌హెల్మ్ హాస్సె అనే జర్మన్ వలసదారు మొదలుపెట్టిన బీరు అది, రంగు ముదురు, కాస్త కాల్చిన ధాన్యం రుచి ఉంటుంది.

టెకాటేకి నేను ఒట్టిగా పదికి ఆరు ఇస్తాను. నిమ్మ, ఉప్పు, కోడివేపుడు పక్కన ఉంటే ఎనిమిది. మా బావమరిది ఏడు దగ్గర ఆగాడు. కొనేటప్పుడు మాత్రం డబ్బా మీద తేదీ చూసుకోండి, ఇది దాచిపెట్టుకుంటే బాగుపడే బీరు కాదు. కారు డిక్కీలో కూడా వదిలెయ్యకండి, ఈ ఎండకి సాయంత్రానికల్లా కాగిపోతుంది.