గజ్జెలు విప్పమన్న కెమెరా

అందరికీ నమస్తే. నేను ఇంకా నోరు తెరవకముందే ముందు వరుసలో నాలుగు ఫోన్లు పైకి లేచాయి, పర్వాలేదు, ఈరోజు మాట్లాడేది వాటి గురించే.

కొన్నేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక స్టూడియో వాళ్లు పిలిచారు. కాకతీయుల కాలం మీద యానిమేషన్ చేస్తున్నాం, ఆ కాలపు నాట్యం పేరిణి ఆడేవాళ్లు కావాలి అన్నారు, పోయాను. ఒంటికి అతుక్కుపోయే నల్ల డ్రెస్సు ఒకటి ఇచ్చి, భుజం, మోచెయ్యి, తుంటి, మోకాలు, మడమ, ఇట్లా కీలున్న ప్రతి చోటా గోలీలంత తెల్ల ఉండలు అంటించారు. చుట్టూ కెమెరాలు. ఆ ఉండల మీద పడి తిరిగొచ్చే వెలుతురును పట్టుకుని, ఏ కీలు ఏ క్షణాన ఎక్కడుందో కంప్యూటర్ లెక్కగడుతుంది. మోషన్ క్యాప్చర్ అంటే ఇదే. నేను గజ్జెలు కట్టుకోబోతుంటే అక్కడ పనిచేసే తమ్ముడు వచ్చి, "అక్కా, గజ్జెలు వద్దక్కా, మెరుస్తయి, కెమెరా వాటిని కూడా ఉండలే అనుకుంటది" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు, చెప్పింది నిజం కూడా, మెరిసే లోహం ఆ కెమెరాలను తికమక పెడుతుంది. విప్పేశాను.

ఆడటం అయ్యాక స్క్రీన్ మీద చూపించాడు. నా ఒళ్లు లేదు, గీతలతో కట్టిన అస్థిపంజరం ఒకటి నాలాగే ఆడుతోంది. చూడటానికి ముచ్చటగానే ఉంది. పాదం నేలను తన్నిన చోటల్లా ఆ గీతలు వణికాయి, అది మంచిగ లేదని ఏదో నొక్కాడు, వణుకు పోయింది. "నాయిస్ తీసేసిన అక్కా" అన్నాడు.

ఆ రాత్రి తిరుగు బస్సులో జనగామ దాటే దాకా నాకు అదే ఆలోచన. పేరిణికి శాస్త్రం చెప్పే ఐదు అంగాల్లో మొదటిది ఘర్ఘరం, అంటే గజ్జెల మోతను పాదంతో ఏలే నేర్పు. అది కెమెరాకు అడ్డమని తీసేశాం. నేలను తన్నినప్పుడు పిక్కలోంచి తొడ దాకా పాకే అదురును చెత్త అని తుడిచేశాం. మిగిలిన దానికి ఫైల్ పేరు మాత్రం పేరిణి అనే పెట్టారు.

ఇట్లా ఏం తీసేశారు, ఎందుకు తీసేశారు అని అడగటానికి నాకు పనికొచ్చింది క్రిటికల్ థియరీ. ఆ పేరంటే చాలామంది భయపడతారు, నేనూ మొదట్లో భయపడ్డాను. 1923లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలైన ఒక పరిశోధన సంస్థ చుట్టూ చేరిన ఆలోచనాపరులు పెట్టిన పేరది. నాకు అర్థమైనంతలో దాని పని ఒక్కటే, ఇది ఇట్లనే ఉంటది అని అందరూ అనుకునే దాన్ని పట్టుకుని, దీన్ని ఇట్లా చేసిందెవరు, ఎవరికి లాభం, ఎవరిని పక్కన పెట్టారు అని అడగటం. ఆ సంస్థకు దగ్గరగా ఉన్న వాల్టర్ బెంజమిన్ 1930ల్లో ఫోటో గురించి, సినిమా గురించి రాస్తూ, కళ ఒకానొక చోట, ఒకానొక సమయంలో ఉండటం వల్ల దానికి వచ్చే ప్రభ నకళ్లలో వాడిపోతుందన్నాడు. అయితే ఆయన దానికి ఏడుస్తూ కూర్చోలేదు, నకలు వల్ల కళ గుడి దాటి జనం చేతికి వస్తుందని కూడా అన్నాడు. ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగం మీదే ఉపన్యాసాలిచ్చే వాళ్లంటే నాకు నచ్చదు.

నకలు అంటే యంత్రమే కానక్కర్లేదు, మన రామప్ప ఉంది కదా. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. ఆ నల్లరాతి మదనికలు, అంటే నాట్యభంగిమల్లో ఉన్న ఆడవాళ్ల బొమ్మలు, స్తంభాల మీద మద్దెలగాళ్లు, నర్తకులు, ఆ కాలపు కెమెరాలు అవే. గుడి కట్టించిన వాడి పేరు శాసనంలో ఉంది. ఆ రాతి నర్తకి కోసం ఎవరు నిలబడ్డారో, ఎంతసేపు నిలబడ్డారో మనకు తెలియదు. తర్వాత 1253 ప్రాంతంలో కాకతీయ రాజు గణపతిదేవుడి గజసైన్యాన్ని నడిపిన జాయప సేనాని నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర పుస్తకం రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు దేశి నృత్యాలకే ఇచ్చాడు, పేరిణి ఉన్నది అందులోనే. జనం ఆడే ఆటలను ఒక సేనాపతి అంత ఓపికగా చూసి రాయటం చిన్న విషయం కాదు, ఆయనంటే నాకు చాలా గౌరవం. రాసింది మాత్రం సంస్కృతంలో. ఆడిన వాళ్లలో ఎంతమంది దాన్ని చదవగలిగి ఉంటారు?

ఆ పుస్తకాన్నీ ఆ రాళ్లనూ పక్కపక్కన పెట్టుకుని 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్లీ నిలబెట్టారు. ఇక్కడ కొంచెం ఆగి చూడండి. రాయి ఒక్క భంగిమనే ఇస్తుంది, ఈ భంగిమకూ ఆ భంగిమకూ మధ్య ఏముందో చెప్పదు. ఇప్పుడు యానిమేషన్ చేసే పిల్లలను అడగండి, రెండు కీ ఫ్రేములు, అంటే కదలిక మొదటి బొమ్మ, చివరి బొమ్మ పెడితే మధ్యలోది సాఫ్ట్‌వేర్ నింపుతుంది అంటారు. రామకృష్ణ గారు చేసిందీ ఆ నింపటమే, కాకపోతే ఆయన నింపింది ఏళ్ల తరబడి గుడి నర్తకుల దగ్గర కూర్చుని నేర్చుకున్న ఒంటితో. నా దృష్టిలో అసలు అధికారం ఈ మధ్యలోదాన్ని నింపే చేతిలో ఉంది. రాయి కంటే, కెమెరా కంటే ఎక్కువగా.

దీని మీద అమెరికాలో కోర్టు దాకా పోయారు. కైల్ హనగామి అనే కొరియోగ్రాఫర్, తన అడుగులను ఫోర్ట్‌నైట్ గేములో బొమ్మలకు పెట్టి అమ్ముకుంటున్నారని కేసు వేశాడు. కింది కోర్టు, విడివిడి భంగిమల మీద హక్కేముంటుంది అని కొట్టేసింది. 2023లో పై కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది, భంగిమలు లెక్కబెట్టి నాట్యాన్ని తూచటమంటే స్వరాలు లెక్కబెట్టి పాటను తూచటం లాంటిదని. ఆ వార్త చదివి నేను నిజంగా సంతోషపడ్డాను. మన 1957 కాపీరైట్ చట్టంలో కూడా నృత్య రచనకు చోటుంది, కానీ అది రాతలోనో ఇంకో రూపంలోనో స్థిరపడి ఉండాలి. మరి తరాలుగా ఒంటి నుంచి ఒంటికి ఇచ్చుకుంటూ వచ్చిన చిందు యక్షగానం ఆడేవాళ్ల అడుగు సంగతేంది? దాన్ని ఎవరు ముందు స్థిరపరిస్తే వాళ్లదయ్యే ప్రమాదం లేదా? కెమెరా పట్టుకుని ఊర్లకు పోయేవాళ్లు, నాతో సహా, దీనికి జవాబు చెప్పాలి.

టెక్నాలజీ అంటేనే చెడ్డదని నేను అనట్లేదు. 1919లో పుట్టిన అమెరికా నాట్యకారుడు మెర్స్ కన్నింగ్‌హామ్, కీళ్లనొప్పులతో తన ఒళ్లు మాట విననప్పుడు కంప్యూటర్ తెర మీద బొమ్మలతో అడుగులు కూర్చుకుని, 80 ఏళ్ల వయసులో మోషన్ క్యాప్చర్‌తోనే గొప్ప ప్రదర్శన కూర్చాడు. అక్కడ యంత్రానికి పని చెప్పింది నాట్యకారుడు.

ఇప్పుడు మన వాకిట్లోకి రండి. సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండలో పద్మాక్షి గుట్ట దగ్గర చిన్నప్పుడు మా నాయనమ్మ పక్కన ఆడేదాన్ని. బతుకమ్మలన్నీ నడుమ, మేమంతా చుట్టూ, అందరి ముఖాలూ తంగేడు, గునుగు పూల వైపే. నాయనమ్మ పాట ఎత్తుకునేది, మిగిలినవాళ్లు ఉయ్యాలో అని అందుకునేవాళ్లు. ముసలామె ఎవరైనా వెనకబడితే చప్పట్లు నెమ్మదించేవి, ఆలస్యంగా వచ్చిన కోడలు వరుసలో కలిసే దాకా ఒకే చరణం రెండు మూడుసార్లు తిరిగేది. అంటే ఆ లయను అందులో ఉన్న ఒళ్లన్నీ కలిసి తేల్చుకునేవి. నిరుడు మా గల్లీలో డీజే పెట్టారు. పాట మంచిదే, కానీ ఎవరి కోసమూ ఆగదు. రెండు పాటలకే పెద్దవాళ్లంతా కుర్చీల్లోకి పోయారు, ఎవరూ పొమ్మనలేదు, లయే పొమ్మంది. ఇంకొకటి చూశాను, వలయం ఒక పక్క విచ్చుకుంది. అక్కడ స్టాండు మీద ఫోన్ ఉంది. ఆడేవాళ్ల ముఖాలు పూల నుంచి దాని వైపు తిరిగాయి. ఫోన్‌ను చూసి నాకు కోపం రాలేదు, వలయంలో దానికి చోటిచ్చాం కదా, మా నాయనమ్మ ఈడు వాళ్లకు ఎందుకు ఇవ్వలేకపోయాం అని బాధైంది. వెనక కుర్చీలో ఒకామె, నోరు మెదపకుండా చేత్తో మాత్రం పాత లయ వేసుకుంటోంది. ఏ వీడియోలోనూ ఆ చెయ్యి లేదు.

పోయిన నెల ఆ స్టూడియో వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. వస్తాను, కానీ గజ్జెల చప్పుడు వేరే మైకులతో రికార్డు చెయ్యాలి, నాయిస్ తీయని మొదటి ఫైల్ దాచాలి, దాని నకలు మద్దెల వాయించే వాళ్లతో సహా మా బృందానికి ఇవ్వాలి అన్నాను. మొదటి రెండింటికి సరే అన్నారు. మూడో దాని మీద ఇంకా మాట్లాడుతున్నాం.

ఇప్పుడు పక్క గదిలోకి పోయి గజ్జెలు కట్టుకుని వస్తాను, ఒక పది నిమిషాలు ఆడతాను. వీడియో తీసుకునేవాళ్లు తీసుకోండి. కుర్చీల్లో ఉన్న పిల్లలు మాత్రం కిందికి వచ్చి నేల మీద కూర్చోండి, చెప్పులు విప్పి, అరచేతులు నేలకు ఆనించి.