ఆటలో కారు ఎవరిది?

(అనంతపురంలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సొంతంగా గేమ్ చేయాలని పట్టుదలగా ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మొదట మొదలుపెట్టేది కార్ల గేమే. అందుకే ఈరోజు దాని గురించి మాట్లాడతాను.

ఇక్కణ్ణుంచి బెంగళూరు హైవే పట్టుకుంటే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వస్తుంది. 2019లో అక్కడ సెల్టోస్ తయారీ మొదలైంది. ఆ కారును మీరు కొనుక్కోవచ్చు, నడుపుకోవచ్చు, ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. కానీ దాన్నే త్రీడీలో మోడల్ చేసి, ముందు లోగో పెట్టి గేమ్‌లో అమ్మాలంటే కంపెనీ అనుమతి కావాలి. మీరు కొన్నది ఆ ఒక్క బండినే. దాని పేరు, దాని రూపం కంపెనీ దగ్గరే ఉండిపోతాయి. మన దేశంలో రిజిస్టర్ చేసిన డిజైన్‌కు 2000 నాటి చట్టం ప్రకారం మొదట 10 ఏళ్లు, ఆపైన ఇంకో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. పేరుకు, లోగోకు తీసుకునే ట్రేడ్‌మార్కు అయితే పదేళ్లకోసారి రెన్యూ చేసుకుంటూ ఎంతకాలమైనా నిలుపుకోవచ్చు.

మొదట్లో ఇంత పట్టింపు లేదు. 1986లో సెగా కంపెనీ తెచ్చిన అవుట్ రన్ గేమ్‌లో పరుగెత్తే ఎర్ర కారు చూడగానే ఫెరారీ టెస్టరోస్సా అని తెలిసిపోతుంది. దానికి లైసెన్సు లేదు. 2003లో అవుట్ రన్ 2 వచ్చేసరికి ఫెరారీతో ఒప్పందం చేసుకునే కార్లు పెట్టారు.

పోర్షే సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2000 ప్రాంతం నుంచి 2016 చివరిదాకా గేముల్లో పోర్షే కార్లు వాడుకునే హక్కు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీ చేతిలోనే ఉంది. వేరే ఎవరైనా పెట్టాలంటే ఆ కంపెనీని ఒప్పించుకోవాలి. మరి గ్రాన్ టురిస్మో అనే రేసింగ్ గేమ్ చేసేవాళ్లు ఏం చేశారు? జర్మనీలో రూఫ్ అనే చిన్న కంపెనీ ఉంది. పోర్షే బాడీ తీసుకుని తన సొంత కారుగా తయారుచేస్తుంది. అక్కడి ప్రభుత్వం దాన్ని విడి తయారీదారుగానే గుర్తించింది. అలా పోర్షేకు బదులు రూఫ్ కార్లు గేముల్లోకి వచ్చాయి. ఎందరో కుర్రాళ్లకు రూఫ్ అనే పేరు తెలిసింది ఆ గేముల వల్లే. చివరికి 2017లో గ్రాన్ టురిస్మో స్పోర్ట్‌లో అసలు పోర్షే వచ్చింది.

డబ్బు కట్టగానే లైసెన్సు చేతికి వచ్చేయదు, దాంతోపాటు షరతులూ వస్తాయి. తమ కారు నుజ్జునుజ్జయినట్టు, పల్టీలు కొట్టినట్టు, తగలబడినట్టు చూపించడం చాలా కంపెనీలకు ఇష్టం ఉండదు. 1997 నాటి మొదటి గ్రాన్ టురిస్మోలో గోడను ఎంత గట్టిగా గుద్దినా కారుకు గీత పడదు. 2019లో టయోటా బ్రిటన్ విభాగం తమ కార్లు గ్రాన్ టురిస్మోలోనే ఉన్నాయని, అది అక్రమ వీధి రేసులను ప్రోత్సహించదని చెప్పింది. నాకు ఇది న్యాయంగానే అనిపిస్తుంది. తన పేరును ఎక్కడ చూపించాలో చెప్పే హక్కు కంపెనీకి ఉంది.

నాకు బాధ కలిగించేది గడువు. లైసెన్సు కౌలు భూమి లాంటిది. పంట ఎంత బాగా పండినా గడువు తీరితే పొలం వదలాల్సిందే. 2017లో వచ్చిన ఫోర్జా మోటార్‌స్పోర్ట్ 7 అనే రేసింగ్ గేమ్‌ను 2021 సెప్టెంబరులో అమ్మకం నుంచి తీసేశారు. ఫోర్జా హొరైజన్ 4కు 2024 డిసెంబరు 15 ఆఖరి రోజు. వందల మంది ఏళ్ల తరబడి చేసిన పని అది. కొన్నవాళ్లు ఇంకా ఆడుకోవచ్చు, అంతవరకు నయం. ద క్రూ గేమ్ కొన్నవాళ్లకు అదీ దక్కలేదు. 2024 మార్చి 31న ఆ గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది. ఒక్కరే ఆడుకుందామన్నా సర్వర్ కావాల్సిన గేమ్ కాబట్టి మొత్తం ఆగిపోయింది. సర్వర్ల నిర్వహణతో పాటు లైసెన్సులను కూడా కంపెనీ కారణంగా చెప్పింది. కొన్న వస్తువును కొన్నవాడి చేతిలోంచి లాక్కోవడం తప్పు. గేమ్ మొదలుపెట్టేటప్పుడే కార్ల కంపెనీతో రాసుకునే ఒప్పందంలో దీనికి దారి చూసుకోవాలి.

లోగో తీసేసి, పేరులో ఒక అక్షరం మారిస్తే సరిపోతుంది కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. మన మహీంద్రా కథ వినండి. దశాబ్దాల క్రితమే లైసెన్సుతో జీపులు తయారుచేసిన కంపెనీ అది. అమెరికాలో రాక్సర్ అనే బండి అమ్మితే, దాని రూపం జీపును పోలి ఉందని జీప్ బ్రాండు యజమాని ఫియట్ క్రిస్లర్ ఫిర్యాదు చేసింది. 2020లో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ మహీంద్రాకు వ్యతిరేకంగా తేల్చింది. బండి ముందు భాగం మార్చుకోవాల్సి వచ్చింది. అది నిజమైన బండి, గేమ్ కాదు, నిజమే. కానీ రూపాన్ని కూడా ఆస్తిగా చూస్తారని దీన్నిబట్టి తెలుసుకోండి.

రెండో వైపు కూడా చెప్పాలి. కాల్ ఆఫ్ డ్యూటీ అనే యుద్ధం గేమ్‌లో అనుమతి లేకుండా హంవీ సైనిక వాహనాలు చూపించారని, వాటిని తయారుచేసే ఏఎం జనరల్ వేసిన దావాలో, 2020 మార్చిలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు గేమ్ కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. యుద్ధాన్ని ఉన్నదున్నట్టు చూపించడానికి ఆ వాహనం అవసరమని ఒప్పుకుంది. అది చూసి ధైర్యపడిపోకండి. అది అమెరికా తీర్పు, మన కోర్టులు దాన్ని పాటించి తీరాలని లేదు. పైగా రేసింగ్ గేమ్‌లో జనం డబ్బిచ్చేదే కారు కోసం.

కాబట్టి నా సలహా, సొంత బండ్లు గీయండి. గ్రాండ్ థెఫ్ట్ ఆటోలో కార్ల బ్రాండ్లన్నీ కల్పితాలే, జనం ఆడటం మానలేదు కదా. తాడిపత్రి నుంచి బండలు వేసుకుని మూలుగుతూ ఘాట్ ఎక్కే లారీని, ఏడుగురు కూర్చోవాల్సిన చోట పన్నెండుమందిని ఎక్కించుకునే ఆటోను ఏ గేమ్‌లోనూ నేను చూడలేదు. ఆ బరువుకు బ్రేకు ఎలా పడుతుందో, మలుపులో వెనక టైరు ఎలా జారుతుందో మీకంటే బాగా ఎవరికి తెలుసు? ఫలానా కంపెనీ లారీ అని గుర్తుపట్టేలా మాత్రం గీయకండి. బానెట్, గ్రిల్, లైట్లు కాగితం మీద మీరే మొదటినుంచి వేసుకోండి. ప్రతి స్కెచ్ మీద తేదీ రాసి దాచిపెట్టండి. మీ బండికి పెట్టిన పేరు ఇప్పటికే ఎవరిదైనా ట్రేడ్‌మార్కేమో రిజిస్ట్రీ వెబ్‌సైట్లో వెతకండి, వెతకడానికి ఖర్చేమీ లేదు. ఆ తర్వాతే మోడలింగ్ మొదలుపెట్టండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.