పికప్ బండిలో బ్యాండ్‌సా మిషన్

శ్రోతలకు నమస్కారం.

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో కొయ్య పనివాళ్లకు కొదవ లేదు. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో దేవుడి బొమ్మలు చెక్కే కుటుంబాలున్నాయి. తిరుపతి ఊళ్లో తలుపులు, కిటికీలు, మంచాలు చేసే షెడ్లు ఎటు చూసినా కనిపిస్తాయి. చేత్తో చిత్రిక పట్టే రోజులు తగ్గాయి. ఇప్పుడు చిన్న షెడ్డులో కూడా చిత్రిక పట్టే ప్లేనరో, రెండు చక్రాల మీద పట్టీలాంటి రంపం తిరిగే బ్యాండ్‌సా మిషనో లేకపోతే పని సాగదు. కొత్తవి కొనే స్తోమత అందరికీ ఉండదు కదా. బెంగళూరులోనో చెన్నైలోనో మూసేసిన వర్క్‌షాపులో సెకండ్‌హ్యాండ్ మిషన్ బేరం కుదిరితే, ఒక పికప్ మాట్లాడుకుని బయల్దేరతారు. బేరం గురించి రోజుల తరబడి ఆలోచించిన మనిషి, దాన్ని తెచ్చే పని మాత్రం డ్రైవర్‌కు వదిలేస్తాడు. ఈ రోజు ఆ తెచ్చే సంగతే మాట్లాడుకుందాం.

డ్రైవర్ మొదట అడిగేది 'ఎంత బరువన్నా?' అని. నాలుగు వందల కిలోలంటే, 'ఇదేం బరువు సామీ, మొన్న టన్ను సిమెంటు వేసుకొచ్చినా' అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. కానీ సిమెంటు మూటలు బండి నేల మీద పరుచుకుని ఉంటాయి. బ్యాండ్‌సా నిలువెత్తు మనిషిలా నిలబడి ఉంటుంది. పైన బరువైన ఇనుప చక్రం, నడుము ఎత్తులో పోత ఇనుము టేబుల్, కింద చూస్తే చిన్న పీఠం. బండి ఒక పక్కకు ఒరిగితే మూటలు కదలవు, ఇది పడుతుంది. కాబట్టి బరువెంత అన్నదానితో పాటు, ఆ బరువు ఏ ఎత్తులో ఉంది, ఏ పక్కకు మొగ్గి ఉంది అని కూడా చూడాలి. నన్నడిగితే ఈ రెండోదే ముఖ్యం. బీరువా అయినా, పిండి మిల్లు అయినా ఇదే లెక్క.

మొదటి ప్రశ్నను తేలిగ్గా తీసుకోమని కాదు. మిషన్ బరువు చాలాసార్లు దాని మీదున్న రేకు మీదే ఉంటుంది, లేదా కంపెనీ పుస్తకంలో దొరుకుతుంది. బండి ఎంత మోయగలదో ఆర్‌సీ చూస్తే తెలుస్తుంది: మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి. అందులో డ్రైవర్, పక్కన కూర్చునేవాళ్లు కూడా లెక్కేనని మర్చిపోకండి. చిన్న టాటా ఏస్ లాంటి బండి మోసేది ముప్పావు టన్ను అటూ ఇటూ. పరిమితి దాటితే 2019లో సవరించిన చట్టం ప్రకారం 20 వేల రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు ఇంకో 2 వేలు.

ఇక అసలు పని మిషన్ ఎక్కించక ముందే మొదలవుతుంది. విప్పగలిగినదంతా విప్పేయండి. బ్యాండ్‌సా అయితే ముందు బ్లేడు బిగువు వదలాలి, తర్వాత బ్లేడు తీయాలి. చుట్టేటప్పుడు అది ఎగిరి ముఖానికి తగులుతుంది, చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. తర్వాత టేబుల్, ఆ తర్వాత మోటారు. మోటారు విప్పే ముందు ఏ వైరు ఎక్కడ ఉందో సెల్‌ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి, అది తర్వాత పనికొస్తుంది. ప్లేనర్ అయితే టేబుల్‌ను అడుగుదాకా దించి, బ్లేళ్లు ఉన్న రోలర్‌కు మందపాటి గుడ్డ చుట్టండి. విప్పిన బోల్టులు ఒక డబ్బాలో వేసి డబ్బాను క్యాబిన్‌లో పెట్టుకోండి.

ఇంత శ్రమ ఎందుకంటే పోత ఇనుము స్వభావం అలాంటిది. పైనుంచి ఎంత బరువు పెట్టినా ఓర్చుకుంటుంది కానీ, లాగినా వంచినా తట్టుకోదు. మామూలు ఇనుము ముందు వంగుతుంది, మనకు తెలుస్తుంది. పోత ఇనుము వంగదు, ఒక్కసారిగా పగిలిపోతుంది. దానికి అతుకు వేయాలంటే ముందు బాగా కాచి, నికెల్ రాడ్‌తో వెల్డింగ్ చేయాలి. చేసినా టేబుల్ మునుపటిలా సమంగా వస్తుందన్న నమ్మకం లేదు. టేబుల్ రెక్కకు తాడు వేసి ఎత్తడం చాలా షెడ్లలో చూస్తుంటాం. పట్టుకోవడానికి వీలుగా కనబడుతుంది, అందుకే అక్కడ వేస్తారు. తాడు వేయాల్సింది అడుగున ఉన్న గట్టి బాడీకి, లేదా ఎత్తడానికని కంపెనీవాళ్లు పెట్టిన కొక్కేలకు.

మిషన్ కాళ్ల కింద రెండు గట్టి కొయ్య దుంగలు పెట్టి, కాళ్ల బెజ్జాల్లోంచి బోల్టులు దించి బిగించండి. దుంగలు పీఠం కంటే బాగా వెడల్పుగా రెండు వైపులా బయటికి రావాలి. వడ్రంగం చేసేవాళ్లకు కొయ్య కొరత ఉండదు కాబట్టి ఇది ఖర్చు లేని పని. పీఠం వెడల్పయితే ఒరిగే భయం తగ్గుతుంది, ఇనుము మీద ఇనుము జారడం కూడా ఉండదు. ఎత్తు మరీ ఎక్కువైన బ్యాండ్‌సాను, టేబుల్, మోటారు తీసేశాక వెనక ఫ్రేము మీద పడుకోబెట్టి, కింద పాత టైర్లు వేసి తీసుకెళ్లడం ఇంకా మేలు.

ఎక్కించడానికి హైడ్రా క్రేన్ దొరికితే దాన్నే పిలవండి. దాని అద్దె చూసి వెనకాడేవాళ్లు ఒక్క టేబుల్ పగిలితే అయ్యే ఖర్చు చూసుకోవాలి. పైన కరెంటు తీగలు లేవని ముందే చూసుకోవాలి. క్రేన్ రాలేని సందయితే పలకలు వాల్చి, పైపుల మీద దొర్లించి ఎక్కిస్తారు. బండి నేల రెండున్నర అడుగుల ఎత్తుంటే, ఏడున్నర అడుగుల పలక వేసినా 400 కిలోల మిషన్ 130 కిలోల బలంతో కిందికి లాగుతూ ఉంటుంది. పైపుల మీద దాన్ని ఆపేది ఏమీ ఉండదు. ఆ బలాన్ని మనుషుల భుజాల మీద వదలకూడదు, గొలుసుతో బరువు లాగే చైన్ బ్లాక్‌తో పట్టాలి. పలక కింది వైపు ఎవరూ నిలబడకూడదు. 'పట్టు, వదులు' అని చెప్పేది ఒక్కరే కావాలి.

బండిలో మిషన్‌ను క్యాబిన్ వైపు గోడకు ఆనించి, ఎడమ కుడి పక్కలకు సరిగ్గా మధ్యలో ఉంచండి. వెనక తలుపు దగ్గర పెడితే దించడం సులువని కొందరి ఆలోచన. అప్పుడు ముందు చక్రాల మీద బరువు తగ్గి, స్టీరింగ్ తేలిపోతుంది.

కట్టడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చాలా దేశాల రవాణా నిబంధనల్లో ఒక లెక్క ఉంది. గట్టిగా బ్రేకు వేస్తే సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు, మలుపులో 50 శాతం బలంతో పక్కకు తోస్తుందనుకుని కట్టాలి. మన 400 కిలోల మిషన్‌కు అది ముందుకు 320, పక్కకు 200 కిలోలు. ఇప్పుడు నైలాన్ తాడుతో పైనుంచి రెండు చుట్లు చుట్టడం ఎంత పని చేస్తుందో ఆలోచించండి. తాడు సాగుతుంది, ముడి జారుతుంది. పైనుంచి వేసిన కట్టు మిషన్‌ను కిందికి నొక్కుతుందే కానీ, ముందుకు పోకుండా పట్టుకోదు. పిడి ఆడించి బిగించే రాట్చెట్ బెల్టులు నాలుగు తీసుకుని, నాలుగు మూలలకు ఏటవాలుగా లాగి, బండి ఛాసిస్‌కు ఉన్న కొక్కేలకు తగిలించండి. పక్క రేకులకు తగిలిస్తే అవే ఊడొస్తాయి. బెల్టు మీది లేబుల్‌లో అది ఎంత బరువుకు పనికొస్తుందో రాసి ఉంటుంది. పదునైన అంచు తగిలే చోట పాత ట్యూబు ముక్క పెట్టండి, లేకపోతే బెల్టు తెగుతుంది.

మిషన్ ఊగకుండా పట్టుకోమని ఒక కుర్రాణ్ని వెనక నిలబెట్టడం నాకు అన్నిటికంటే భయం కలిగించే అలవాటు. 200 కిలోల బలాన్ని ఏ మనిషి ఆపగలడు? మిషన్‌కూ గోడకూ మధ్య ముందు నలిగేది అతనే. పోతే పోయిందనుకునే వస్తువు కాదు కదా మనిషి. గూడ్స్ బండి వెనక మనుషుల్ని ఎక్కించుకోవడం చట్టం కూడా ఒప్పుకోదు.

బయల్దేరిన పది పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆపి బెల్టులు చూడండి. బరువు సర్దుకుని అవి వదులవుతాయి. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు పలమనేరులో టీ తాగేటప్పుడు మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత వచ్చేది మొగిలి ఘాట్. అక్కడ దిగుడంతా బరువు ముందుకే తోస్తుంది. చిన్న గేరులో దిగండి, బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టవు. మలుపులో వేగం రెండింతలైతే పక్కకు తోసే బలం నాలుగింతలవుతుంది. 20లో తిరగాల్సిన మలుపును 40లో తిరిగితే ఏమవుతుందో లెక్క మీరే వేసుకోండి. పీలేరు వైపు నుంచి వచ్చేవాళ్లకు భాకరాపేట ఘాట్‌లోనూ ఇదే జాగ్రత్త.

నవంబరు, డిసెంబరు నెలల్లో మనకు వానలు ఎక్కువ. సానబెట్టిన టేబుల్ ఒక్క రాత్రి తడిస్తే చాలు, తుప్పు పడుతుంది. గ్రీసు పూసి, పైన టార్పాలిన్ కప్పండి. అది గాలికి కొట్టుకోకుండా విడిగా కట్టండి.

షెడ్డుకు చేరాక దించడంలో తొందర వద్దు. అందరూ అలసిపోయి ఉంటారు, చీకటి పడి ఉంటుంది. వీలైతే తెల్లారాకే దించండి. జాకీతో అంగుళం ఎత్తి, వెంటనే కింద కొయ్య ముక్క దూర్చి, మళ్లీ ఇంకో అంగుళం. కొయ్య లేని చోట చెయ్యి పెట్టకూడదు.

అన్నీ బిగించాక బ్లేడు ఎక్కించకుండానే, చక్రాన్ని తిప్పే బెల్టు తగిలించకుండానే మోటారు ఒకసారి ఆన్ చేసి చూడండి. త్రీ ఫేజ్ మోటారుకు రెండు వైర్లు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. అలా తిరిగితే మెయిన్ ఆపేసి, ఎలక్ట్రీషియన్‌తో ఏవైనా రెండు ఫేజులు మార్పించుకోండి. మీరు తీసుకున్న ఫొటో అతనికి చూపించండి, పని తొందరగా అయిపోతుంది. ఇక సెలవు.