సున్నా బల్బు లెక్క

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఈ పఠనాలయంలో కొత్త దీపాలు పెట్టించిన కార్యవర్గానికి, ముందు వరుసల్లో కూర్చున్న తల్లులకు, వెనక నిలబడిపోయిన పిల్లలకు పేరుపేరునా నమస్కారం. పిల్లలూ, అక్కడే ఆగిపోకండి. ఈ పక్కన చోటుంది, వచ్చి కూర్చోండి.

నాకు అప్పగించిన విషయం ఇంటి దీపాల్లో కరెంటు ఆదా. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని కనుక పట్టికలు గీసుకుని వచ్చాను. కానీ ఇందాక లోపలికొస్తూ గోడకు అతికించిన కాగితం చూశాను. ‘అవసరం లేనప్పుడు లైట్లు ఆర్పండి’ అని ఉంది. మంచి మాటే. దాని కింద ఎవరో పెన్సిలుతో ‘చదవడానికి ఒక్క లైటు చాలు’ అని రాశారు. అది చదివాక నా కాగితాల వరస మారిపోయింది. ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

మా అమ్మ మిషను కుట్టేది. పగలంతా ఇంటి పని. రాత్రి ఏడింటికి మిషను ముందు కూర్చుంటే లేచేసరికి పన్నెండయ్యేది. పైన కప్పు నుంచి వేలాడే 60 వాట్ల గుండు బల్బు, దాని కింద అమ్మ. ఒక నెల బిల్లు ఎక్కువొచ్చింది. నాన్న మంచివాడు, ఇల్లు గడవాలనే తపనున్నవాడు. గదిగదికీ తిరిగి లైట్లు ఆర్పేవాడు. ఆ నెల కుర్చీ వేసుకుని ఎక్కి, అమ్మ పైనున్న బల్బు తీసేసి 25 వాట్లది పెట్టాడు.

అమ్మ ఏమీ అనలేదు. సూదిలో దారం ఎక్కించాల్సి వస్తే మాత్రం నన్ను పిలిచేది. “అమ్మడూ, ఒక్కసారి ఇలా రా తల్లీ.” నేను చదువుకుంటూ లేచి వెళ్లి ఎక్కించి వచ్చేదాన్ని. రాత్రికి ఎన్నిసార్లో లెక్కలేదు. నల్ల గుడ్డకు నల్ల దారం వేయాల్సి వస్తే పక్కన పెట్టి తెల్లారాక కుట్టేది. మసక వెలుతురు వల్లే అమ్మ చూపు పోయిందని నేను అనను, అప్పటికి ఆమెకు చత్వారం వచ్చే వయసే. కానీ కళ్లు లాగుతున్నాయని, కణతలు పోటు పెడుతున్నాయని రోజూ అనేది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ బల్బు మార్పిడిలో ఏం జరిగిందో ఉపాధ్యాయురాలినయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. 60 వాట్ల గుండు బల్బు ఇంచుమించు 700 నుంచి 800 ల్యూమెన్ల వెలుతురిస్తుంది. 25 వాట్లది ఇచ్చేది 200 పైచిలుకు. అంటే కరెంటు సగానికి కాస్త కిందికి దిగితే, వెలుతురు మూడో వంతుకు పడిపోయింది. చిన్న బల్బులో తీగ అంతగా వేడెక్కదు, అందుకని తాగిన కరెంటులో వెలుతురుగా మారే భాగం ఇంకా తగ్గిపోతుంది. నాన్న తగ్గించిన దానికన్నా అమ్మ పోగొట్టుకున్నది ఎక్కువ.

ఇక రెండో సంగతి. ఇది చెప్పడానికే వచ్చాననుకోండి. మా ఇంట్లో పడకగదిలో రాత్రంతా ఒక సున్నా బల్బు వెలిగేది. జీరో వాట్ బల్బు అంటారు, మీకూ తెలుసు. సున్నా కదా, దానికి కరెంటు కాలదని నాన్న నమ్మకం. దాన్ని ఎప్పుడూ ఆర్పలేదు. ఉద్యోగంలో చేరాక ఒకరోజు ప్రయోగశాలలో దాన్ని మీటరుకు తగిలించి చూశాను. 15 వాట్లు! పాతకాలపు చక్రం మీటర్లు అంత చిన్న వాడకానికి కదిలేవి కావని, అందుకే ఆ పేరొచ్చిందని అంటారు. కానీ మా ఇంట్లో రాత్రంతా ఫ్యాను తిరుగుతూనే ఉండేది. చక్రం ఎలాగూ తిరుగుతున్నప్పుడు ఈ 15 వాట్లు కూడా అందులో కలవవా?

లెక్క కట్టండి. పిల్లలూ, మీరే చెప్పండి. వెయ్యి వాట్లు ఒక గంట కాలితే ఒక యూనిట్. సున్నా బల్బు 15 వాట్లు, రాత్రికి పది గంటలు, నెలకు ముప్పై రాత్రులు. ఎంత? అవును, నాలుగున్నర యూనిట్లు. మరి అమ్మ బల్బు 60 నుంచి 25కి దించితే మిగిలింది 35 వాట్లు, రోజుకు ఐదు గంటలు, ముప్పై రోజులు. ఐదుంబావు యూనిట్లు. అమ్మ కళ్ల దగ్గర ఐదుంబావు మిగిల్చి, అందరం కళ్లు మూసుకుని నిద్రపోయే గదిలో నాలుగున్నర కాల్చాం. ఏళ్ల తరబడి.

అందుకే పొదుపు అనగానే ముందు వెలుతురు తగ్గించాలనుకుంటే నాకు బాధేస్తుంది. మన మీటరు కొలిచేది కరెంటును. వెలుతురును అది ఎప్పుడూ కొలవలేదు.

గుండు బల్బు పని చేసే తీరే అంత. టంగ్‌స్టన్ తీగను సుమారు 2,500 డిగ్రీల దాకా వేడెక్కిస్తే ఆ వేడికి అది వెలుగుతుంది. తాగిన కరెంటులో నూటికి తొంభై పాళ్లు వేడి కిందే పోతుంది. ఎల్ఈడీలో తీగ లేదు, నిప్పులా కాలే వస్తువేదీ లేదు. అర్ధవాహకం, అంటే సెమీకండక్టర్, దాని చిన్న పలుకులోంచి వెలుతురు నేరుగా పుడుతుంది. ఎర్ర ఎల్ఈడీ 1962లోనే వచ్చింది గానీ, తెల్లటి వెలుగు కావాలంటే నీలం కావాలి. ఆ నీలాన్ని సాధించడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. దాన్ని సాధించిన శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఏ కొత్త సిద్ధాంతం కోసమూ కాదు, మన గదుల్లో వెలిగే దీపం కోసం ఇచ్చారు. నాకది చాలా సంతోషమనిపించింది.

ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 800 ల్యూమెన్లకు తక్కువ కాకుండా ఇస్తుంది. రోజుకు ఐదు గంటల చొప్పున నెలకు దాదాపు యూనిటున్నర కన్నా తక్కువే కాలుతుంది. అదే 60 వాట్ల గుండు బల్బయితే తొమ్మిది యూనిట్లు. ఏడాదికి ఒక్క దీపం దగ్గరే తొంభై యూనిట్ల పైన తేడా. మీ బిల్లు మీద యూనిట్ ధర ఉంటుంది, దాంతో గుణించుకోండి. వాడకం పెరిగేకొద్దీ ధర పెరిగే స్లాబులుంటే, మిగిలేవి పై స్లాబులోని యూనిట్లే. మా అమ్మకు ఆ 9 వాట్ల దీపం అప్పట్లో దొరికి ఉంటే పాత 60 వాట్ల వెలుతురూ ఉండేది, 25 వాట్లలో మూడో వంతు కరెంటుతో పనీ జరిగేది.

ట్యూబులైట్ల సంగతి కూడా అడుగుతారు. 40 వాట్ల పాత లావు ట్యూబుకు బరువైన చోక్ ఉంటే ఆ చోకే మరో పది, పన్నెండు వాట్లు తాగుతుంది. దాని జాగాలో 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు చాలు. సీఎఫ్ఎల్ మెలికల బల్బులు ఇంట్లో ఉంటే పనిచేసినన్నాళ్లు వాడుకోండి. అందులో పాదరసం కాస్త ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి పిల్లల్ని బయటకు పంపండి, చీపురుతో ఊడ్చకుండా గట్టి కాగితంతో ఎత్తండి.

“పాత బల్బులే గట్టివి, ఇవి ఊరికే పోతున్నాయి” అని ఎవరో అంటున్నారు. వినబడింది. ఆ మాటలో కొంత నిజముంది. 1924లో పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో ఫోబస్ అనే కూటమి కట్టి, బల్బు వెయ్యి గంటలే ఉండాలని ఒప్పందం చేసుకున్నాయి. ఎక్కువ కాలం మన్నే బల్బు చేసిన సభ్య కంపెనీలకు జరిమానా కూడా వేశాయి. అది అన్యాయమే. అమెరికాలోని లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నుంచి వెలుగుతున్న బల్బును కూడా ఉదాహరణగా చూపిస్తారు. కానీ అది ఇప్పుడు కాలేది నాలుగు వాట్ల దగ్గరే, బెడ్‌లైటుకు కూడా తక్కువ వెలుతురు. తీగ చల్లగా ఉంటే ఎక్కువ కాలం మన్నుతుంది, మసగ్గా వెలుగుతుంది. ఆ బల్బు కింద మా అమ్మ కుట్టలేదు.

ఎల్ఈడీ త్వరగా పోవడానికి చాలాసార్లు కారణం వేడి. బల్బు అడుగున డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది, అందులో కెపాసిటర్ అనే భాగంలోని ద్రవం వేడికి ఎండిపోతుంది. మూతబిగించిన గాజు గోళంలో పెట్టారంటే ఆ వేడికి దారి లేదు. అలాంటి చోట మూసిన గోళానికి పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉన్నదే కొనండి. పెట్టె తీసుకున్నప్పుడు వాట్ల కన్నా ముందు ల్యూమెన్లు చదవండి. వెచ్చని పసుపు వెలుతురు కావాలంటే 2,700 కెల్విన్, పగటి తెలుపు కావాలంటే 6,500. గుడ్డ రంగు పోల్చుకునే పనులుంటే సీఆర్ఐ, అంటే రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె, 90 పైనున్నది చూడండి.

అధ్యక్షులవారు చీటీ పంపారు, ఐదు నిమిషాలున్నాయి. అయితే పట్టికలు వదిలేస్తాను.

ఇంటికి వెళ్లాక ఒక్క పని చేయండి. ఎక్కువ గంటలు వెలిగే దీపం ఏదో చూసి ముందు దాన్ని మార్చండి. సామాన్ల గదిలో వారానికోసారి వెలిగే గుండు బల్బు ఉంటే ఉండనివ్వండి, దానివల్ల నష్టం లేదు. తర్వాత, చేత్తో పని చేసేవాళ్లు, చదివేవాళ్లు ఎక్కడ కూర్చుంటారో చూడండి. అక్కడ దీపాన్ని కిందికి, దగ్గరికి తీసుకురండి. చిన్న దీపం దూరం సగం చేస్తే వెలుతురు నాలుగింతలవుతుంది, అదనంగా ఒక్క వాటూ కాలదు. మా ఇంట్లో తీగ రెండడుగులు పొడిగించి ఉంటే ఎంత తేడా వచ్చేదో! నాన్నకు తెలియదు. నాకూ తెలియదు. పదేళ్ల పిల్లను.

ఇంకో మాట. నీళ్లు కాచుకునే హీటరు 2,000 వాట్లయితే అరగంటకే ఒక యూనిట్. ఆ యూనిట్‌తో 9 వాట్ల దీపం నూరు గంటలు దాటి వెలుగుతుంది. చదువుకునే పిల్ల మీద “లైటు ఆర్పు” అని కేకలేసే ముందు ఆ అంకె గుర్తు చేసుకోండి. తల్లులూ, తండ్రులూ, నేను చేతులు జోడించి అడుగుతున్నాను.

ఈ బల్ల మీద మూడు హోల్డర్లు, ఒక మీటరు పెట్టాను. ఒకదానికి 60 వాట్ల గుండు బల్బు, ఒకదానికి 9 వాట్ల ఎల్ఈడీ. సభ అయ్యాక వచ్చి రెండింటి కిందా పుస్తకం పెట్టి చదవండి, అరచేయి దగ్గర పెట్టి వేడి చూడండి. గుండు బల్బును ముట్టుకోకండి, కాలుతుంది. మూడో హోల్డరులో ఉన్నది మా ఇంటి సున్నా బల్బు. ఇంకా వెలుగుతోంది. దాని పక్కన మీటరులో అంకె మీరే చదవండి.