పేపర్ ఒక్కటే కాదు, వెతికిన దారి కూడా చెప్పాలి

[తెర మీద: బర్క్‌లీలోని డో లైబ్రరీ చదువుగది, పొడవాటి బల్లలు]

నమస్తే. కాలేజీలో మనం రాసిన పేపర్‌కి మార్కులు వేసేవాళ్లు చివరికి చేతికొచ్చిన పేజీలే చూస్తారు. ఆ సమాచారం కోసం ఎక్కడ మొదలుపెట్టాం, ఎన్నిచోట్ల ఉత్త చేతులతో తిరిగొచ్చాం, ఎవరిని అడిగితే దారి దొరికింది అన్నది మామూలుగా ఎవరూ అడగరు. అమెరికాలో, కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ లైబ్రరీ అడుగుతుంది. అడిగి బహుమతి కూడా ఇస్తుంది.

[తెర మీద: చార్లీన్ కాన్రాడ్ లీబౌ లైబ్రరీ ప్రైజ్]

ఈ బహుమతి డిగ్రీ చదివేవాళ్లకే. సబ్జెక్టు ఏదైనా పర్లేదు, కోర్సులో భాగంగా చేసిన పని అయితే చాలు. పేపర్‌తో పాటు వాడిన పుస్తకాల పట్టిక, పాఠం చెప్పిన టీచర్ మద్దతు కావాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది రిఫ్లెక్టివ్ ఎస్సే. "నేను ఇలా వెతికాను" అని విద్యార్థి తన మాటల్లో రాసే చిన్న వ్యాసం. నా దృష్టిలో ఈ బహుమతికి ప్రాణం అదే.

ఎందుకో ఒక ఉదాహరణతో చెప్తాను.

[తెర మీద: పాత గదర్ పత్రిక పేజీ]

దరిశి చెంచయ్య గారు మన కనిగిరి ప్రాంతం మనిషి. 1912లో అమెరికా వెళ్లి, ఇదే బర్క్‌లీలో చదువుతూ, బ్రిటిష్ పాలన మీద తిరగబడటానికి అక్కడి భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీలో చేరారు. ఆ పార్టీ పత్రిక 1913 నవంబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉర్దూలో మొదలైంది, తర్వాత పంజాబీ రాసే గురుముఖి లిపిలో కూడా వచ్చింది. ఇప్పుడు ఒక స్టూడెంట్ ఆయన మీద పేపర్ రాయాలనుకుందాం.

కేటలాగ్‌లో "దరిశి" అని ఇంగ్లీషులో కొడతాడు. ఏమీ రాదు. ఎందుకంటే మన ఇంటిపేరు అక్కడ ఒక్క అక్షరంగా, "డి" అని మిగిలిపోయి ఉండొచ్చు. సరే, చెంచయ్య అని కొట్టాలి. చివర "ఐఏహెచ్" అని రాశారా, "ఏవైవైఏ" అని రాశారా? ఒక్కో గుమస్తా తన చెవికి వినిపించినట్టు రాసుకుని ఉంటాడు. నాలుగైదు స్పెల్లింగులు మార్చి మార్చి చూడాలి. తెలుగు పేరు పలకడం వచ్చిన పిల్లాడికి ఇక్కడ పెద్ద ఆసరా ఉంది. ఈ తంటా అంతా ఎస్సేలో రాయాల్సిందే, దాచుకోవాల్సింది కాదు.

ఆ తర్వాత లైబ్రేరియన్ దగ్గరికి వెళ్తే, పాత, అరుదైన కాగితాలు దాచే బర్క్‌లీలోని బాన్‌క్రాఫ్ట్ లైబ్రరీలో గదర్ కాగితాలున్న సేకరణ ఉందని చెప్తారు.

[తెర మీద: పెన్సిల్, తెరిచిన ఫోల్డర్]

అక్కడ బ్యాగు బయటే పెట్టాలి. పెన్ను పనికిరాదు, పెన్సిలే. ఫోల్డర్‌లో కాగితాల వరస తప్పకూడదు. వందేళ్లు దాటిన కాగితాన్ని అంచు పట్టుకుని మెల్లగా తిప్పుతుంటే, గూగుల్‌లో దొరకనిది ఏమిటో చేతికే తెలుస్తుంది.

డో లైబ్రరీకి ఆనుకుని భూమి లోపల గార్డ్‌నర్ స్టాక్స్ అనే పుస్తకాల అరల నిలయం ఉంది. అక్కడి అరలన్నీ వరసగా పేరిస్తే 52 మైళ్లు, అంటే 83 కిలోమీటర్ల పైనే. అందులో మనకు కావాల్సిన పుస్తకం పట్టుకోవడం ఒక విద్య. ఆ విద్యకే ఈ గుర్తింపు.

అమెరికాలో చదువుతున్న మన పిల్లలకి ఒక్క మాట. ఎస్సే రాయడానికి ఆఖరి వారంలో కూర్చుంటే ఏదీ గుర్తురాదు, టెన్షన్ మాత్రం మిగులుతుంది. మొదటి రోజు నుంచే చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, ఏ మాట కొట్టి వెతికారు, ఏం వచ్చింది, ఏం రాలేదు. రోజుకి రెండు లైన్లు చాలు.

గెలిచిన పేపర్లు ఈస్కాలర్‌షిప్ అనే ఉచిత భాండాగారంలోకి వెళ్తాయి. కనిగిరిలో కూర్చుని కూడా ఫోన్‌లో చదువుకోవచ్చు.