నూరు దేనారాల అప్పు

శ్రోతలందరికీ వందనాలు.

క్రైస్తవ కుటుంబాల్లో పుట్టిన పిల్లలకు పరలోక ప్రార్థన ఊహ తెలియకముందే నోటికి వచ్చేస్తుంది. పెద్దవాళ్ళ పక్కన కళ్ళు మూసుకుని కూర్చుని, సగం మాటలు మింగేస్తూ వాళ్ళతోపాటు చెప్పేస్తాం. అందులో ఒక వాక్యం దగ్గర నాకు చిన్నప్పుడు ఎప్పుడూ ఒక సందేహం. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." మా ఇంట్లో రుణం అంటే సొసైటీలో తెచ్చిన ఎరువుల బాకీ. మరి దేవుడికి మేమెప్పుడు బాకీ పడ్డాం? నాన్నని అడిగితే, "పాపాలని అర్థం, చదువుకో పో" అన్నాడు.

నాన్న చెప్పింది తప్పు కాదు. అయితే మత్తయి సువార్తలో ఉన్నది నిజంగా అప్పు అనే మాటే. యేసు ప్రభువు మాట్లాడిన అరామిక్ భాషలో అప్పుకీ పాపానికీ ఒకే మాట వాడేవారు. లూకా సువార్తలో ఇదే ప్రార్థన చూడండి. "మాకచ్చియున్న ప్రతివానిని" క్షమిస్తున్నాం అని ఉంటుంది. అచ్చియుండడం అంటే బాకీ ఉండడం. మన వాడుకలోంచి పోయిన ఆ పాత మాట బైబిల్లో అలాగే మిగిలింది. నాకు ఆ మాటంటే ఇష్టం. ఎందుకంటే క్షమించడం గురించి మాట్లాడేటప్పుడు మనం తొందరగా మెత్తని మాటల్లోకి వెళ్ళిపోతాం. అప్పు అనేసరికి లెక్క కళ్ళముందు నిలబడుతుంది.

అప్పు సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రామిసరీ నోటు రాయించుకోవడం, రెవిన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకమో వేలిముద్రో తీసుకోవడం, డబ్బు ముట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయడం, ఇవన్నీ పల్లెల్లో ఇంటింటా ఉన్నవే. నోటుకు మూడేళ్ళకి కాలదోషం పడుతుంది. ఈలోగా చెల్లు పడాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి. లేకపోతే ఆ కాగితం కోర్టులో నిలవదు.

మా నాన్న 1986లో మా పెద్దమామయ్యకి, అంటే అమ్మ వాళ్ళ అన్నయ్యకి, బోరు వేయించుకోవడానికి ఎనిమిది వేలు ఇచ్చాడు. బావ దగ్గర వడ్డీ ఏమిటని వడ్డీ రాయించుకోలేదు. మామయ్యే పట్టుబట్టి నోటు రాసిచ్చాడట. ఏడాది తిరిగింది, అక్క పెళ్ళి కుదిరింది. డబ్బు అవసరమై నాన్న వెళ్ళి అడిగాడు. అరుగు మీద నలుగురు కూర్చుని ఉండగా మామయ్య, "ఏ డబ్బులు?" అన్నాడు.

ఆ రెండు మాటలే. నాన్న ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం వద్దని పడుకున్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా పదేళ్ళు మాటల్లేవు. నోటుకు కాలదోషం పట్టింది. మొహమాటం వల్ల నాన్న తిరగరాయించుకోలేదు. కానీ మనసులో ఉన్న నోటును మాత్రం ప్రతి పెళ్ళికీ, ప్రతి చావుకీ తిరగరాసుకుంటూనే ఉన్నాడు. ఎవరైనా మామయ్య పేరెత్తితే చాలు, మొన్ననే జరిగినట్టు "ఏ డబ్బులు అన్నాడయ్యా" అని మొదలుపెట్టేవాడు. ఎనిమిది వేల గురించి ఒక్కసారి కూడా అనేవాడు కాదు, ఆ రెండు మాటల గురించే అనేవాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నెలకోసారి సంస్కారపు ఆదివారం, అంటే గుడిలో ప్రభువు జ్ఞాపకంగా రొట్టె తీసుకునే రోజు, వచ్చినప్పుడు నాన్న గుడి దాకా వచ్చేవాడు, లోపలికి వచ్చేవాడు కాదు. ప్రహరీ పక్కన వేపచెట్టు కింద నిలబడేవాడు. ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకుని ఆ రొట్టె తినాలని పౌలు కొరింథు సంఘానికి రాశాడు కదా. మనసులో ఇంత పెట్టుకుని రొట్టె ముట్టలేనని నాన్న అనేవాడు. దాన్ని మొండితనం అన్నవాళ్ళు ఉన్నారు. నేను మాత్రం అలా అనను. పగ పెట్టుకుని కూడా నిబ్బరంగా చెయ్యి చాపే మాలాంటివాళ్ళ కన్నా ఆయన నిజాయితీగా ఉన్నాడు.

మత్తయి 18వ అధ్యాయంలో పేతురు ఒక ప్రశ్న అడుగుతాడు. నా సహోదరుడు నాకు తప్పు చేస్తే ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని. ఏడంటే ఎక్కువే చెప్పాననుకుని ఉంటాడు. ప్రభువు "డెబ్బది ఏళ్ల మారుల" వరకు అన్నాడు. ఇక్కడ ఏళ్లు అంటే సంవత్సరాలు కాదు, ఏడులు. డెబ్బై ఏడులు, అంటే ఏడును డెబ్బైసార్లు. ఆ వెంటనే ఒక కథ చెప్పాడు. ఒక రాజు తన దాసుల దగ్గర లెక్కలు చూసుకుంటుంటే పదివేల తలాంతులు అచ్చియున్నవాడిని పట్టుకొచ్చారు. వాడు సాగిలపడి, "నా యెడల ఓర్చుకొనుము, నీకు అంతయు చెల్లింతును" అన్నాడు. రాజు కనికరపడి మొత్తం అప్పు క్షమించేశాడు. వాడు బయటికి వస్తూనే, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి గొంతు పట్టుకున్నాడు. ఆ రెండోవాడు కూడా సాగిలపడి, ఓర్చుకో, చెల్లిస్తాను అనే అన్నాడు. కాసేపటి క్రితం తన నోటి నుంచి వచ్చిన మాట ఎదుటివాడి నోట వినిపిస్తే కూడా వీడు గుర్తుపట్టలేదు. వాణ్ణి చెరసాలలో వేయించాడు.

లెక్క చూద్దాం. దేనారం అంటే ఆ రోజుల్లో కూలివాడి ఒకరోజు కూలి. తలాంతు అంటే సుమారు ఆరువేల దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా రెండు లక్షల సంవత్సరాలు పడుతుంది. అంతా చెల్లిస్తానని వాడు అన్నమాట ఎంత అమాయకమైనదో అప్పుడు తెలుస్తుంది.

నూరు దేనారాల సంగతి కూడా వదిలేయకూడదు. ప్రసంగాల్లో దాన్ని చిల్లర డబ్బులన్నట్టు చెప్పేస్తుంటారు, అది నాకు నచ్చదు. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. మన పల్లెల్లో దాన్ని వంద రోజుల పని అనే పిలిచారు. నూరు దేనారాలంటే అదీ, వంద రోజుల పని. ఎండలో గడ్డపార పట్టి చెరువు మట్టి తవ్విన మనిషిని అడగండి, వంద రోజుల కూలి ఎగ్గొడితే ఎలా ఉంటుందో. ప్రభువు ఆ అప్పు చిన్నదని చెప్పలేదు. నీకు జరిగిన అన్యాయం ఏమంత పెద్దదని అనలేదు. నీ వంద రోజుల కష్టం నిజమే, దాని పక్కన నీకు మాఫీ అయిన ఆరు కోట్ల రోజులు పెట్టి చూడమన్నాడు.

మాఫీ అంటే గుర్తొచ్చింది. రుణమాఫీలు మన రెండు రాష్ట్రాలూ చూశాయి. రైతు కట్టకపోతే బ్యాంకు లెక్క దానంతట అది చెరిగిపోదు, ప్రభుత్వం కట్టాలి. ఎవరో ఒకరు ఆ భారం మోస్తేనే మాఫీ. ఆ కథలో రాజు పదివేల తలాంతులు వదులుకున్నాడంటే అంత నష్టం తన మీద వేసుకున్నాడు. సిలువ మీద మేకుల మధ్య నుంచి "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" అని ప్రార్థించినవాడే ఈ కథ చెప్పినవాడు. తాను మోయని బరువు మన నెత్తిన పెట్టలేదు.

ఇలాంటి క్షమాపణ మామూలు మనుషులకు సాధ్యమా అని అడిగేవాళ్ళకి, మన పొరుగున ఒడిశాలో జరిగింది చెబుతాను. గ్రాహం స్టెయిన్స్ ఆస్ట్రేలియా నుంచి 1965లో వచ్చి మయూర్‌భంజ్ జిల్లా బారిపదాలో కుష్ఠురోగులకు సేవ చేశారు. ఆయన భార్య గ్లాడిస్ నర్సు. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక, కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్ గ్రామంలో జీపులో నిద్రపోతున్న గ్రాహంనీ, ఆయన ఇద్దరు కొడుకుల్నీ సజీవదహనం చేశారు. ఫిలిప్‌కి పదేళ్ళు. తిమోతికి ఆరు. ఆ తల్లి, మిగిలిన కూతురు ఎస్తేరుతో కలిసి, ఆ పని చేసినవాళ్ళని క్షమించానని చెప్పింది. ఆ మాట దేశమంతా విన్నది.

నన్ను కదిలించేది ఆ మాట కన్నా ఆ తర్వాత గడిచిన రోజులు. ఆమె వెంటనే విమానమెక్కి వెళ్ళిపోలేదు. 2004 దాకా బారిపదాలోనే ఉంది. భర్త వదిలివెళ్ళిన రోగుల బాగోగులు చూసుకుంది. భర్త పేరున అక్కడ ఆసుపత్రి వచ్చింది. 2005లో మన ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఆ ఐదేళ్ళలో ఎన్ని తెల్లవారుజాములు ఆమెకు ఖాళీ మంచాలు కనిపించి ఉంటాయి! క్షమించానని ఒకసారి చెప్పి ఊరుకోలేదు, పొద్దున్నే లేచి ఆ ఊళ్ళోనే దయగా బతికింది.

ఇంకో సంగతి. ఆమె క్షమించినా కేసు నడిచింది. కోర్టులు విచారించాయి, శిక్ష వేశాయి, 2011లో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. క్షమించడం వేరు, నేరానికి చట్టప్రకారం జరగాల్సింది వేరు అన్న తేడా ఆమెకు బాగా తెలుసు. మన సంఘాల్లో ఈ తేడా మర్చిపోతుంటాం. భర్త చేతిలో దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన ఆడపిల్లని కూర్చోబెట్టి, "క్షమించి వెళ్ళమ్మా, బైబిల్లో రాసుంది" అని పంపించే పెద్దలున్నారు. అమ్మా, మీరు ఈ మాటలు వింటుంటే, బైబిలు మిమ్మల్ని మళ్ళీ ఆ దెబ్బల్లోకి వెళ్ళమనలేదు. ముందు క్షేమంగా ఉండండి. పోలీసు సాయం కావాలంటే తీసుకోండి. పగ వదులుకోవడం మీ మనసులో జరిగే పని, దానికి టైము పడుతుంది, పట్టనివ్వండి.

టైము పట్టేటప్పుడు ఏం చేయాలి? దీనికి పౌలు ఎఫెసీ పత్రికలో రాసిన మాటల వరస నాకు దారి చూపించింది. "ఒకని యెడల ఒకడు దయగలిగి కరుణాహృదయులై" అని మొదలుపెట్టి, చివర్లో "ఒకరినొకరు క్షమించుడి" అంటాడు. దయ ముందు వచ్చింది. మనసు ఇంకా సిద్ధం కాకపోయినా చెయ్యి ఒక మంచి పని చేయగలదు. అపకారికి ఉపకారం చేయమని మన పిల్లలు బడిలో పద్యంగా నేర్చుకున్నదీ, నీ శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టమని రోమా పత్రిక చెప్పిందీ నాకు ఈ పనిగానే అర్థమైంది.

మా ఇంట్లో ఆ చెయ్యి అమ్మది. ఆ పదేళ్ళూ ప్రతి ఎండాకాలం ఆవకాయ పెట్టినప్పుడు ఒక చిన్న జాడీ పక్కన పెట్టి, పాలేరు చేత అన్నయ్య ఇంటికి పంపేది. నాన్నకి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు.

1997 మే నెలలో పాలేరు మానేశాడు, అమ్మ చెయ్యి విరిగి కట్టులో ఉంది. వాసెన కట్టిన జాడీ వంటింటి మూల రెండు రోజులు అలాగే ఉండిపోయింది. అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. మూడో రోజు శనివారం. సాయంత్రం నాన్న సైకిలు బయటికి తీసి నన్ను పిలిచాడు. "జాడీ పట్టుకుని వెనక కూర్చో" అన్నాడు. రెండు మైళ్ళ దారి. గతుకులకి నూనె చిమ్మి వాసెన గుడ్డ తడిసి నా బట్టలంతా ఎర్రగా అయింది. నాన్న దారిలో ఒక్క మాట మాట్లాడలేదు.

మామయ్య అరుగు మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. నాన్న జాడీ అందించి, "మీ చెల్లెలు పంపింది బావా" అన్నాడు. మామయ్య భుజం మీది తువ్వాలు తీసి, జాడీ చుట్టూ కారిన నూనె తుడిచాడు. అవసరం లేకపోయినా చాలాసేపు తుడిచాడు. తర్వాత లోపలికి చూసి, మంచినీళ్ళు తెమ్మని కేక వేశాడు. నాన్న చెంబెడు నీళ్ళూ తాగి, "బోరులో నీళ్ళు బానే పడుతున్నాయా?" అని అడిగాడు. "పడుతున్నాయి బావా" అన్నాడు మామయ్య. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. మామయ్య తప్పయిందని కూడా అనలేదు.

మర్నాడు సంస్కారపు ఆదివారం. నాన్న వేపచెట్టు దాటి లోపలికి వచ్చాడు.

నాన్న పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే పట్టా కాగితాల అడుగున ఆ నోటు దొరికింది. స్టాంపు రంగు వెలిసిపోయింది. వెనక్కి తిప్పితే నాన్న దస్తూరీ. ఆ శనివారం తేదీ వేసి, కింద "పైకం పూర్తిగా ముట్టినది, చెల్లు" అని రాసి సంతకం పెట్టాడు. అమ్మకి చూపించాను. చాలాసేపు చేతిలో పట్టుకుని చూసింది. తర్వాత పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి, తన బైబిల్లో పెట్టుకుంది.