ఇనుము దొంగను ఆపుతుంది, వేడిని కాదు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెప్పాలి గానీ నాకిచ్చింది కొద్ది సమయమే, మన్నించండి. ఇంట్లో నిప్పంటుకున్నా కాగితాలు దక్కే గది ఎలా కట్టుకోవాలో చెప్పమన్నారు. గోడల నుంచి మొదలుపెడదామని రాసుకొచ్చాను, కానీ మా బీరువా సంగతి ముందు చెప్పాలి.

మా ఇంట్లో మంటలు ఆరాక చూస్తే ఇనుప బీరువా అలాగే నిలబడి ఉంది, రంగు పొక్కులు లేచింది, అంతే. హమ్మయ్య అనుకుని తలుపు లాగాను. నాన్న ఉత్తరాల కట్ట అంచులు నల్లబడ్డాయి, మధ్యలో ఆయన చేతిరాత ఇంకా కనిపిస్తోంది. గాలి తగలగానే భగ్గుమంది. ఒక్క రోజు ఆగి ఉంటే కొన్నైనా దక్కేవి! దయచేసి మీరెవరూ ఆ తొందర పడకండి, బయట చల్లబడినా లోపల వేడి ఉంటుంది.

అగ్ని పరీక్షలు చేసే కొలిమిలో వేడి 5 నిమిషాలకే 538 డిగ్రీలు, గంట గడిచేసరికి 927 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. కాగితాలు దక్కాలంటే లోపల 177 మించకూడదన్నది ఆ పరీక్షల లెక్క. హార్డ్ డిస్కులకైతే 52 డిగ్రీలే, అందుకే వాటికి గదిలోపల మళ్లీ వేరే పెట్టె కావాలి.

గోడలకు కాంక్రీటు, ఇటుక మంచివే. జిప్సం బోర్డు కూడా తక్కువదేం కాదు, దాని బరువులో ఐదో వంతు నీరే, అది ఆవిరైపోయేదాకా అవతలి వైపుకు వేడిని పెద్దగా పోనివ్వదు. పైకప్పును మాత్రం చాలామంది మర్చిపోతారు. నాలుగు గోడలూ కట్టి పైన చెక్క సీలింగ్ వేస్తే ఏం లాభం చెప్పండి?

మళ్లీ తలుపు దగ్గరికే వస్తున్నాను, ఏమనుకోకండి. బోలు ఇనుప తలుపు మా బీరువా లాంటిదే, వేడిని నేరుగా లోపలికి చేరుస్తుంది. ఫ్రేముతో సహా పరీక్షించిన ఫైర్ డోర్ పెట్టించండి, అంచుల్లో వేడికి ఉబ్బి సందు మూసే పట్టీ ఉండాలి. లోపలి నుంచి తాళం లేకుండా తెరుచుకోవాలి, పిల్లలు ఇరుక్కుంటే ఎలా? వైర్ల కోసం కొట్టిన కన్నాలను నిప్పుకు తట్టుకునే సీలెంట్‌తోనే మూయించండి, మామూలు ఫోమ్ కాలిపోతుంది.

గది పూర్తయ్యాక పగటిపూట లోపలికెళ్లి, లైటు ఆర్పి, తలుపు వేసుకుని కాసేపు నిలబడండి. ఎక్కడ వెలుగు గీత కనిపిస్తే అక్కడ సందున్నట్టే, పొగ వచ్చేదీ అక్కడినుంచే. మేస్త్రీని అక్కడికే పిలిచి చూపించండి.